సారా దుకాణం మూయించిన తల్లులు, మనకు మిగిలిన పని



1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామంలో స్త్రీలు సారా దుకాణం మూయించారు. వాళ్లు పెద్ద చదువులు చదివినవారు కాదు. అక్షరాస్యతా కార్యక్రమంలో చేరి, పగలంతా కూలికి వెళ్లి, రాత్రివేళ అక్షరాలు దిద్దుకున్న తల్లులు. వాచకంలో తాగుడు వల్ల చితికిన సంసారాల గురించి చదివి, అది తమ ఇంటి సంగతే అని గుర్తుపట్టారు. దూబగుంట రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. ఉద్యమం ఊరూరా పాకింది, సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు.

ఆ తల్లులు తమ పని చేశారు. అయితే దుకాణానికి తాళం పడినంత మాత్రాన, ఏళ్ల తరబడి తాగినవాని చేతుల వణుకు ఆగలేదు. కొందరు నాటుసారా వెదుక్కున్నారు. దుకాణం మూయించడం ఒక పని, మనిషిని బాగుచేయడం ఇంకొక పని. ఈ రెండవదాన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

కొన్నేళ్ల క్రితం, మన పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో పనిచేసే ఒక సహోదరుడు ఆదివారం ఆరాధనలో బైబిలు మీద చెయ్యి పెట్టి, ఇక ముట్టనన్నాడు. అందరం స్తోత్రం చెప్పాం. రెండవ రోజు రాత్రి అతనికి ఫిట్స్ వచ్చాయి. ఎదుట లేనివాళ్లు కనబడుతున్నారని కేకలు వేశాడు. దయ్యమనుకొని తెల్లవార్లూ ప్రార్థించాం, ఉదయానికి గాని ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. "రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఇలా అవుతుంది. ప్రాణం కూడా పోవచ్చు. మందులిచ్చి, దగ్గరుండి మాన్పించాలి" అన్నారు డాక్టరు గారు. దేవుని దయవలన అతను బతికాడు. నా తెలియనితనమే అతని ప్రాణం మీదికి తెచ్చింది.

లూకా 10వ అధ్యాయంలోని సమరయుణ్ణి చూడండి. అతను గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చి ఖర్చు పెట్టుకున్నాడు, మళ్లీ వస్తానన్నాడు. ప్రార్థన మానమని నేను చెప్పడం లేదు. ప్రార్థన చేసినవాడే ఆసుపత్రికి కూడా తోడు వెళ్లాలంటున్నాను.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా తాగుడు మానతానంటే ముందు డాక్టరుకు చూపించండి. సహోదరీలారా, అతనికి తెలియకుండా కూరలో పొడులు, మాత్రలు కలపకండి, అది ప్రమాదం. తాగుడైనా, గంజాయి అయినా, 14446కు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు. మానినవాడు మళ్లీ తాగితే సంఘం తలుపు వేయకండి. చికిత్సలో అలా జరుగుతుంటుంది, మళ్లీ మొదలుపెట్టాలి.

ఒంటరిగా వెళ్లడానికి సిగ్గనిపిస్తే నాకు చెప్పండి. ఏలూరు బస్సు ఇద్దరం కలిసి ఎక్కుదాం.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.