పాంచాలంకురిచ్చి కాల్బంటు

మధుర, తిరునెల్వేలి, కోయంబత్తూరు సీమలలో తెలుగువారి నివాసము నిన్న మొన్నటిది కాదు. 16వ శతాబ్దమున విశ్వనాథ నాయకుడు మధుర రాజ్యమును చక్కబెట్టి 72 పాళెములుగా విభజించెనని ప్రసిద్ధి. ఆ పాళెములలో పెక్కింటికి తెలుగు నాయకులే అధిపతులైరి. ఉడుమలపేట, దిండుగల్లు ప్రాంతములందును, దక్షిణమున ఎట్టయపురము, పాంచాలంకురిచ్చి సీమలందును నెలకొనిన రాజకంబళపు నాయకులు అట్టివారు. వారి యిలవేల్పు జక్కమ్మ. ఇంటి భాష నేటికిని తెలుగే.

ఈ పాళెముల చరిత్ర వ్రాసినవారు దొరల పేర్లను వ్రాసిరి. దొరకొరకు ప్రాణమొడ్డిన కాల్బంటుల మాట వ్రాసినవారు అరుదు. అట్టి బంటు ఒకని తుదిమాట మాత్రము, విచిత్రముగా, శత్రువు వ్రాతవలననే మనకు దక్కినది.

పాంచాలంకురిచ్చి పాళెగాడైన వీరపాండ్య కట్టబొమ్మనను కుంఫిణీవారు 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఉరితీసిరి. ఆయన తమ్ముడు కుమారస్వామి. మాటలాడలేనివాడగుటచే జనులు ఆయనను ఊమైదొర యనిరి. పాళెయంకోట చెరలోనుండిన ఊమైదొర 1801 ఫిబ్రవరి 2వ తేదీన తప్పించుకొని పోయి, కూలిన కోటను కొలది దినములలోనే తిరిగి కట్టించెను. అది రాతికోట కాదు, మట్టికోట. అయినను మార్చి 31వ తేదీన మేజరు మెకాలే దానిపైబడి, పెక్కుమందిని కోల్పోయి, వెనుదిరుగవలసి వచ్చెను. గండి ఎక్కి వచ్చిన సిపాయి లోన కాలు మోపకమున్నే కాల్బంటులు నిడుపాటి బల్లెములతో పొడిచి పడవేసిరి.

ఆ పోరున కుంఫిణీ పక్షముననుండిన సేనాని జేమ్సు వెల్షు. అతడు 1830లో లండనునందు ప్రకటించిన తన సైనిక స్మృతులలో ఊమైదొర సేన నడపిన తీరును వర్ణించినాడు. ఊమైదొర కొన్ని గడ్డిపోచలను ఎడమ అరచేత నుంచుకొని అవి ఆంగ్లసేన యని సైగచేయును. రెండవచేతితో వానిని ఒక్క వేటున ఊడ్చివేసి నోట 'ఉస్సు'మని ధ్వనిచేయును. దాడికి అదియే ఆజ్ఞ. దాడిలో ముందు నడచువాడును తరచుగా ఆయనయే. మాటలేని నాయకుని మనసెరిగి నడచిన బంటులు ఎట్టివారై యుందురో పాఠకులు ఊహింపవచ్చును.

తుదకు మే 24వ తేదీన కర్నలు ఆగ్న్యూ పెద్దసేనతో కోటను పట్టుకొనెను. వెలికి వచ్చినవారిని అశ్వికదళము తరిమి నరికినది. పిమ్మట జరిగిన దానిని వెల్షు ఇట్లు చెప్పినాడు. సమీప గ్రామపు స్త్రీలు తమవారికొరకు పీనుగులనడుమ వెదకుచుండ, ఒక తల్లికి కొన ఊపిరితో నున్న కొడుకు కనబడెను. ఆమె వానిని ఒడిచేర్చుకొని యేడ్వసాగెను. ఆ పడుచువాడు తన్ను విడిచిపెట్టుమనియు, దాపుననే గాయపడి పడియున్న స్వామిని కాపాడుమనియు తల్లిని వేడుకొనెను. ఆమె కొడుకు మాట జవదాటలేదు. అతనిని అచ్చటనే విడిచి, ఊమైదొరను ఇంటికి చేర్చినది. అంతలో వెదకుచు ఎట్టయపురపు భటులు వచ్చిరి. స్త్రీలు దొరపై గుడ్డ కప్పి గోలున ఏడ్చి, తమ పిల్లవాడొకడు మశూచికముచే చనిపోయెనని చెప్పిరి. ఆ మాట వినగానే భటులు వెనుకకు చూడక పరుగెత్తిరి.

వెల్షు ఈ ఘట్టమును కన్నులార చూచినవాడు కాడు. అయినను శత్రుపక్షపువాడు తనకు ఓటమి రుచి చూపిన వారిని పొగడుటకు కారణము వేరొకటి కానరాదు. కావున ఈ వృత్తాంతమును కట్టుకథ యని త్రోసివేయుట న్యాయము కాదు.

ఇందు మనవారు తలవంచుకొని చదువవలసిన సంగతియు కలదు. వెదకవచ్చిన భటుల ఏలికయైన ఎట్టయపురపు దొరదియు తెలుగు కుటుంబమే, అదే రాజకంబళపు తెగయే. ముత్తుస్వామి దీక్షితులకు తుదిదినములలో ఆశ్రయమిచ్చినదియు, 1904లో తెలుగులిపిలో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని వెలువరించినదియు ఆ సంస్థానమే. ఒకే భాష, ఒకే వేల్పు గలవారు రెండు పక్షములై నిలిచిరి. ఇటు పాంచాలంకురిచ్చి కొలువున మఱవరులు, పళ్ళరులు తెలుగు దొర పక్షమున ప్రాణములిచ్చిరి. కనుక ఈ చరిత్రను కేవలము భాషాభిమానముతో వ్రాయరాదు. విశ్వాసము కులమును, భాషను అడుగలేదు.

తల్లి కాపాడిన ప్రాణము ఆరుమాసములకు మించి నిలువలేదు. ఊమైదొర శివగంగ మరుదు సోదరులతో చేరి పోరాడి, పట్టుబడి, 1801 నవంబరు 16వ తేదీన పాంచాలంకురిచ్చియందే ఉరితీయబడెను. కోటను నేలమట్టము చేసి దున్నించి ఆముదములు చల్లించిరి. గ్రామనామమును సర్కారు లెక్కలనుండి తుడిచివేసిరి. ఫలము చూచి త్యాగమును తూచువారికి ఆ పడుచువాని చావు వ్యర్థమని తోచవచ్చును. కాని ఆ ఆరుమాసములలోనే తిరుగుబాటు శివగంగ అడవులవరకు ప్రాకినది.

అచ్చట కూలిన ఆంగ్లేయులకు సమాధులు, శిలాఫలకములు కలవు. 1974లో తమిళనాడు ప్రభుత్వము కట్టబొమ్మన స్మారకముగా కోటను కట్టించినది. ఆ కాల్బంటునకు శిలయు లేదు, పేరును లేదు. దక్షిణదేశపు పాళెముల గ్రామములలో వృద్ధులు చెప్పుకొను కథలను, పాటలను, వీరకల్లుల వ్రాతలను మన సంఘములు ఇకనైనను పూనుకొని సేకరింపవలెను. పేరు తుడిచివేయబడిన ఊరు తిరిగి పటమున కెక్కినది. పేరు వ్రాయబడని బంటునకు మనము చేయగల తర్పణము ఇదియే.