పిప్పిగోళ్ళు

గోటికీ దాని కింది చర్మానికీ ఫంగస్ సోకితే గోళ్ళు పిప్పిపడతాయి. వైద్యులు దీన్ని ఒనికోమైకోసిస్ అంటారు. ఎక్కువగా కాలిగోళ్ళకు, అందులోనూ బొటనవేలికి వస్తుంది. ప్రధాన కారకం ట్రైకోఫైటాన్ రూబ్రమ్. ఈ ఫంగస్ తరచూ నాని పాచిన కాలివేళ్ళ సందుల్లో ముందు చేరి, అక్కడి నుంచి గోటి కిందికి పాకుతుంది. రోజంతా నీళ్ళలో చేతులు నానేవారి చేతిగోళ్ళకు కాండిడా పట్టడం కూడా మామూలే. వయసు మళ్ళినవారికీ మధుమేహం ఉన్నవారికీ ముప్పు ఎక్కువ.

గోరు చివర తెల్లగానో పసుప్పచ్చగానో మారి మందమవుతుంది. కింద పొడి పేరుకుంటుంది. కత్తిరించబోతే పెళుసుగా రాలుతుంది. అయితే చూసి తేల్చెయ్యడం పొరపాటు: రూపు చెడిన గోళ్ళలో ఫంగస్ వల్ల చెడినవి సుమారు సగమే. సోరియాసిస్, బూటు రాపిడి కూడా అచ్చం ఇలాగే కనిపించవచ్చు. గోటి మీద కొత్తగా నల్లటి చార వచ్చి వెడల్పవుతుంటే మెలనోమా అనే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి.

పరీక్ష విలువంతా నమూనా తీయడంలో ఉంది. గోళ్ళరంగు తుడిచేసి, స్పిరిటుతో శుభ్రం చేసి, చివరి ముక్క కత్తిరించి, మంచి గోటికి ఆనుకుని ఉన్న పొడిని గీకి తీయాలి. దాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే గోరు మెత్తబడి, మైక్రోస్కోపులో ఫంగస్ పోగులు కనిపిస్తాయి. కల్చర్ ఫలితానికి నాలుగు వారాల దాకా పట్టవచ్చు. ఫంగస్ ఉన్నా అందులో దొరక్కపోవడం అరుదేమీ కాదు.

పెద్దలకు మొదటి మందు టెర్బినాఫిన్: రోజుకు 250 మి.గ్రా., చేతిగోళ్ళకు 6 వారాలు, కాలిగోళ్ళకు 12 వారాలు. ముందుగా కాలేయ పరీక్ష చేయిస్తారు. ఇట్రాకొనజోల్ మరో మార్గం. గుండె వైఫల్యం ఉన్నవారికి అది పనికిరాదు. వ్యాధి గోటి చివరకే పరిమితమైతే అమోరోల్ఫిన్ వంటి పూతమందు చాలవచ్చు. స్టెరాయిడ్ కలిసిన గజ్జి క్రీములు రాయడం మేలు చేయదు సరికదా, చర్మం మీది ఫంగస్‌ను ముదరబెడుతుంది.

మాత్రలు అయిపోయినా గోరు వికారంగానే ఉందని చాలామంది కంగారుపడతారు. మందు చెడిన గోటిని బాగుచేయదు, కొత్త గోరు దాన్ని ముందుకు నెట్టాలి. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు ఎరుపు చేతిగోళ్ళ నుంచి పూర్తిగా జరిగిపోయేసరికి ఇంచుమించు సంక్రాంతి వస్తుంది. కాలిగోటికి అంతకు రెండు మూడు రెట్లు, ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. తగ్గాక మళ్ళీ రావడమూ సాధారణమే. అందుకే వేళ్ళ సందుల్లోని ఫంగస్‌కు కూడా చికిత్స చేయించుకోవాలని, పాత బూట్లు మార్చాలని, ఒకరి గోళ్ళకత్తెర మరొకరు వాడకూడదని చెబుతారు. మధుమేహులు మందమైన గోళ్ళను సొంతంగా బ్లేడుతో చెక్కుకోకూడదు. చిన్న గాటే పుండుగా మారవచ్చు.