బెర్లిన్ దారిలో ప్రియోబ్రజెన్‌స్కీ

1941 జూన్ 22న హిట్లర్ సేనలు సోవియట్ యూనియన్ మీద విరుచుకుపడిన నాటికి యెవ్గేనీ నికొలాయెవిచ్ ప్రియోబ్రజెన్‌స్కీకి సరిగ్గా ముప్పై రెండేళ్ళు నిండాయి. ఆయన 1909లో అదే తేదీన వొలోగ్దా సీమలోని వొలొకొస్లావినొ గ్రామంలో జన్మించాడు. అకార్డియన్ల తయారీకి పేరుపొందిన పల్లె అది. ఆ పుట్టినరోజు గడిచి రెండు నెలలైనా కాకముందే ఆయన ఛాతీ మీద 'సోవియట్ యూనియన్ వీరుడు' అన్న బిరుదు తాలూకు స్వర్ణతార వెలిసింది.

విశాలాంధ్రలో చవకగా దొరికిన సోవియట్ పుస్తకాలతో పెరిగిన నా బోటివాళ్ళకు ఈ బిరుదు కొత్త కాదు. అయితే ఆ పుస్తకాల్లో వీరుడు ఎప్పుడూ నిండుగా, నిస్సంశయంగా కనిపిస్తాడు. ఆ పతకం ఏ లెక్కన వచ్చిందో, ఎవరికి రాకుండా పోయిందో విచారించడం నాకు అంతకంటె ముఖ్యమనిపిస్తుంది. ప్రియోబ్రజెన్‌స్కీ కథ అందుకు తగిన ఉదాహరణ.

1941 జూలై 21 రాత్రి జర్మన్ విమానాలు మొదటిసారి మాస్కో మీద బాంబులు కురిపించాయి. దానికి బదులుగా బెర్లిన్‌నే కొట్టాలన్న ప్రతిపాదన నౌకాదళ కమిసార్ కుజ్నెత్సోవ్ నుండి వచ్చింది, స్టాలిన్ అంగీకరించాడు. చిక్కల్లా దూరమే. జర్మన్ సేనలు అప్పటికే చాలా లోపలికి చొచ్చుకువచ్చాయి. లెనిన్‌గ్రాడ్ పరిసరాల నుండి బయలుదేరితే తిరిగి రావడానికి ఇంధనం చాలదు. ఎస్తోనియా తీరానికి ఆవల ఉన్న సారెమా ద్వీపం మాత్రం ఇంకా సోవియట్ల చేతిలో ఉంది. అక్కడి కాగుల్ అనే చిన్న విమానాశ్రయం నుండి ఎగిరితే బెర్లిన్‌కు పోయి రావడం సాధ్యమని లెక్క తేలింది. బాల్టిక్ నౌకాదళంలోని మొదటి మైన్-టార్పీడో రెజిమెంటుకు ఈ పని అప్పగించారు. దానికి నాయకుడు కర్నల్ ప్రియోబ్రజెన్‌స్కీ.

ఇల్యూషిన్ రూపొందించిన డీబీ-3 విమానం ఆ ప్రయాణానికి తన శక్తి కొసల దాకా పోవలసి వచ్చింది. పోను రాను దాదాపు 1800 కిలోమీటర్లు, అందులో సింహభాగం సముద్రం మీదనే. ఏడు వేల మీటర్ల ఎత్తున సున్నాకు దిగువన 35 డిగ్రీలకు పైబడిన చలి. వెచ్చదనం లేని గదుల్లో, ముఖాలకు ఆమ్లజని తొడుగులు తగిలించుకుని, మంచు పేరుకున్న అద్దాలలో నుండి చూస్తూ ఏడు గంటలు కూర్చోవాలి. రేడియో మీద మాట్లాడరాదు. దిక్సూచి, గడియారం, నక్షత్రాలు, వీటితోనే దారి పట్టాలి. అందువల్ల ఆ విమానంలో పైలట్‌కు ఎంత బాధ్యత ఉన్నదో నావిగేటర్ ప్యోత్ర్ ఖోఖ్లోవ్‌కూ అంతే ఉన్నది.

1941 ఆగస్టు 7 రాత్రి మూడు బృందాలుగా బయలుదేరిన విమానాల్లో ఐదు మాత్రమే బెర్లిన్ మీదికి చేరాయి. తక్కినవి స్టెట్టిన్ వంటి చోట్ల బాంబులు వదిలి మరలాయి. సోవియట్ విమానాలు ఇంత దూరం రాగలవని జర్మన్లు ఊహించలేదు. స్టెట్టిన్ దగ్గరి విమానాశ్రయం వాళ్ళు వీటిని తమ విమానాలే అనుకుని దిగడానికి సంకేతాలు కూడా ఇచ్చారు. బెర్లిన్‌లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. బాంబులు పడిన తరువాతనే నగరం చీకటిలో మునిగింది, విమాన నిరోధక శతఘ్నులు మేల్కొన్నాయి. మరునాడు జర్మన్ రేడియో ఆ దాడిని బ్రిటిష్‌వారికి అంటగట్టింది. తమ విమానాలేవీ ఆ రాత్రి బెర్లిన్ వెళ్ళలేదని బ్రిటిష్‌వారు బదులిచ్చారు.

తిరుగు ప్రయాణంలో ఒక విమానం కాగుల్‌కు కొద్ది దూరంలో అడవిలో కూలి, అందులోని వారందరూ మరణించారు. అంత దూరం పోయి, వచ్చి, ఇంటి గుమ్మంలో ప్రాణం పోగొట్టుకోవడమన్నమాట.

ఆగస్టు 8న స్టాలిన్ ఉత్తర్వు వెలువడింది. పాల్గొన్న ప్రతి సిబ్బందికీ కృతజ్ఞత, తలకు 2000 రూబుళ్ళు. ఆగస్టు 13న ఐదుగురికి వీరుడి బిరుదు ప్రకటించారు: ప్రియోబ్రజెన్‌స్కీ, ఖోఖ్లోవ్, గ్రెచీష్నికోవ్, యెఫ్రేమోవ్, ప్లోత్కిన్. ఈ జాబితాను కొంచెం నిదానించి చూడాలి. నలుగురు పైలట్లు, ఒక నావిగేటరు. ప్రియోబ్రజెన్‌స్కీ విమానం వెనుక భాగంలో అదే చలిని, అదే ప్రమాదాన్ని అనుభవించిన రేడియో ఆపరేటరు క్రొతెంకో, గన్నరు రుదకోవ్ పేర్లు అందులో లేవు. రూబుళ్ళు తలకు సమానంగా పంచిన రాజ్యం స్వర్ణతారను అలా పంచలేదు.

పైనుండి వచ్చే ఒత్తిడి కూడా తక్కువది కాదు. వెయ్యి కిలోల బాంబులు మోసుకుపోవాలని మాస్కో కోరింది. అరిగిన ఇంజన్లతో, పొట్టి రన్‌వే మీద అది సాధ్యం కాదని ప్రియోబ్రజెన్‌స్కీ వాదించాడు. అయినా ప్రయత్నించక తప్పలేదు. ఆ బరువుతో రెండు విమానాలు చెడిన తరువాత గాని ఆ పట్టు వీడలేదు. ఆయన ధైర్యం బెర్లిన్ మీద ఎంత కనిపించిందో, 'కాదు' అని చెప్పిన ఈ ఘట్టంలోనూ అంతే కనిపించిందని నా అభిప్రాయం. దీనికి మాత్రం పతకమేదీ లేదు.

సెప్టెంబరు తొలి వారం వరకు దాడులు సాగాయి. సోవియట్ లెక్కల ప్రకారం మొత్తం 86 సార్లు విమానాలు ఎగిరితే 33 బెర్లిన్‌ను చేరాయి, 17 విమానాలు నష్టమయ్యాయి. వేసిన బాంబుల బరువు సుమారు 21 టన్నులు. తరువాతి సంవత్సరాలలో బ్రిటిష్ విమానాలు ఒక్క రాత్రిలో వేసిన వందల టన్నుల ముందు ఇది లెక్కలోనిది కాదు. బెర్లిన్ యుద్ధ పరిశ్రమ దీనివల్ల ఆగిపోలేదు. అది కర్మాగారాల మీదే పడిందా, ఇళ్ళ మీద కూడా పడిందా అని అడిగితే, ఏడు వేల మీటర్ల నుండి చీకటిలో వదిలిన బాంబుకు ఆ తేడా తెలియదనే చెప్పాలి. ఫలమంతా మనస్సులకు సంబంధించినది. ప్రతిదినం ఒక నగరం చేజారిపోతున్న ఆ వేసవిలో, మనమూ కొట్టగలమన్న మాట సోవియట్ ప్రజలకు అన్నం కంటె అవసరమైంది.

ఆ మాటకు చెల్లించిన మూల్యం మాత్రం మనుషుల రూపంలోనే. ఐదుగురు వీరులలో గ్రెచీష్నికోవ్ అదే సంవత్సరం అక్టోబరులో, ప్లోత్కిన్ 1942 మార్చిలో మరణించారు. సారెమా ద్వీపం అక్టోబరులో జర్మన్ల వశమైంది. రెజిమెంటుకు 1942 జనవరిలో 'గార్డ్స్' గౌరవం దక్కింది. ప్రియోబ్రజెన్‌స్కీ 1944లో ఉత్తర నౌకాదళ వైమానిక విభాగానికి నాయకుడయ్యాడు, 1945లో పసిఫిక్ నౌకాదళంలో జపాన్ మీది యుద్ధంలో పాల్గొన్నాడు. 1950 నుండి 1962 దాకా సోవియట్ నౌకాదళ వైమానిక దళం మొత్తానికి అధిపతిగా ఉండి, 1963లో మాస్కోలో కన్నుమూశాడు. లెనిన్ పతకాలు, ఎర్రజెండా పతకాలు ఒకదాని పక్కన ఒకటి చేరాయి.

ఆ వరుసను చూసి ముచ్చటపడడంలో తప్పు లేదు, ఆయన వాటికి అర్హుడే. అయితే స్వర్ణతార ఒక మనిషి గుండె మీద పెట్టగలిగినంత చిన్నది. ఒక్కొక్క విమానంలో కూర్చున్నవారు ఎందరో, కాగుల్‌లో రాత్రంతా నిద్రమాని ఆకాశం కేసి చూసిన మెకానిక్కులు ఇంకెందరో. చరిత్ర రాసేవాళ్ళం వీరుడి పేరుతో ఆగిపోక, క్రొతెంకో, రుదకోవ్‌ల పేర్లు కూడా ఒకసారి పైకి చదివితే బాగుంటుంది.