అంగుళంన్నర ఎత్తు

ఎమ్‌జీబీ అనే పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 1967 నాటిది, ఇంకోటి 1977 నాటిది. తలుపులు అవే, నడుము వంపు అదే. కానీ మొదటిదానికి ముందు సన్నటి క్రోమ్ పట్టీ, రెండోదానికి మూతినిండా నల్లటి దిండు. ఇంకాస్త పరీక్షగా చూస్తే రెండో కారు మడమల కింద ఇటుకలు పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. నిజంగానే దాన్ని అంగుళంన్నర పైకెత్తారు. పాతకార్ల అభిమానులు చాలామంది ఇప్పుడు ఆ దిండు కోసి పారేసి, కారుని కిందికి దించి, క్రోమ్ బంపర్ బిగించుకుంటున్నారు. ఆ పని వెనక ఉన్న చరిత్ర చెప్పుకోదగ్గది.

ఎమ్‌జీబీ 1962లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లోని అబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో తయారయ్యేది. కొనేవాళ్ళలో ఎక్కువమంది అమెరికన్లు. అందుకే అక్కడి ప్రభుత్వం ఏ నియమం పెట్టినా అబింగ్డన్‌లో డ్రాయింగులు మారేవి. 1973 మోడళ్ళ నుంచి అమెరికా 215వ నంబరు ప్రమాణం అమల్లోకి తెచ్చింది. కారు గంటకి 5 మైళ్ళ వేగంతో గోడకి ఎదురుగా తగిలినా లైట్లు, బానెట్ గొళ్ళెం, ఇంధన వ్యవస్థ లాంటివి దెబ్బతినకూడదు. మరుసటి ఏడాది ఇంకో మెలిక పెట్టారు: నేల నుంచి 16-20 అంగుళాల మధ్య ఎత్తులో లోలకంతో కొట్టి పరీక్షిస్తారు. చిన్న కారు బంపరూ పెద్ద కారు బంపరూ ఒకదానికొకటి తగలాలి కదా.

5 మైళ్ళంటే మన లెక్కలో 8 కిలోమీటర్లు, జాగింగ్ చేసే మనిషి వేగం. ఇందులో ఏముంది అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. వెయ్యి కిలోల కారు ఆ వేగంతో వచ్చి 5 సెంటీమీటర్లలో ఆగాలంటే సగటున 5 టన్నుల బరువు మోపినంత బలం పుడుతుంది. ఒక్క సెంటీమీటరులో ఆగాలంటే 25 టన్నులు. కాబట్టి బంపర్ అనేది పైకి కనిపించే ముఖం మాత్రమే, అసలు పనంతా దాని వెనకున్న బ్రాకెట్లది. ఆ బలాన్ని చాసిస్ పట్టాలకి అందించాలి, మధ్యలో కొంత మింగాలి. 1962 నాటి క్రోమ్ పట్టీ బ్రాకెట్లు దీనికోసం పుట్టినవి కావు.

పోర్షె వాళ్ళు ఇదే చిక్కుని 1974 నాటి 911లో తీర్చారు. బంపర్‌ని ఒంటి నుంచి కాస్త ఎడంగా జరిపి, సందులో హార్మోనియం తిత్తిలాంటి నల్లటి మడతలు పెట్టారు. అమెరికా కార్లకి లోపల హైడ్రాలిక్ షాక్ అబ్జార్బర్లు బిగించారు. చూడ్డానికీ బాగుంది, పదిహేనేళ్ళు నిలిచింది. అబింగ్డన్ వాళ్ళకి అంత డబ్బు లేదు. యజమాని బ్రిటిష్ లేలండ్ పెట్టుబడిని కొత్తగా రాబోయే ట్రయంఫ్ టీఆర్7 వైపు మళ్ళించింది. వీళ్ళు ముందు క్రోమ్ బంపర్‌కే పెద్ద రబ్బరు గుబ్బలు తగిలించి కొన్ని నెలలు నెట్టుకొచ్చారు. 1974 చివర్లో ఉక్కు ఎముక మీద పాలీయురితేన్ కండ పోసిన బంపర్ వచ్చింది. ఎత్తు నియమం కోసం క్రాస్‌మెంబర్ మార్చి, వెనక స్ప్రింగుల అమరిక మార్చి, ఒళ్ళు పైకెత్తారు. పైగా మొదట్లో ముందున్న యాంటీరోల్ బార్ కూడా తీసేశారు. కారు మలుపుల్లో తూలడం మొదలుపెట్టింది. 1977 మోడల్‌కి ముందూ వెనకా బార్లు పెట్టాక కాస్త కుదుటపడింది. రెండు రకాలు చేస్తే ఖర్చని, ఆ నియమం లేని ఇంగ్లండ్ వాళ్ళకీ ఇదే కారు అంటగట్టారు.

ఇప్పుడు దాన్ని వెనక్కి తిప్పాలంటే నట్లు విప్పితే సరిపోదు. రబ్బరు బంపర్ ఊడదీస్తే ముందు ఇండికేటర్లు దాంతోపాటే పోతాయి. వాటికి రెక్కల్లో చోటు చేయాలి. బంపర్ కప్పి ఉంచిన రేకు ఖాళీలు అతుకుపెట్టి వెల్డింగ్ చేయాలి. పట్టాల చివర సన్నటి క్రోమ్ బంపర్‌కి తగ్గ బ్రాకెట్లు అమర్చాలి. తర్వాత ఎత్తు తగ్గించడం: ముందు పొట్టి స్ప్రింగులు, వెనక ఇరుసుకీ లీఫ్ స్ప్రింగుకీ మధ్య దిమ్మెలు. కానీ పొట్టి స్ప్రింగు ఎత్తు తగ్గిస్తుందే గానీ సస్పెన్షన్ చేతుల కోణాన్ని పాత స్థితికి తేదు. అందుకు పాత రకం క్రాస్‌మెంబరే కావాలి. ఇంత చేశాక కూడా సీట్ల వెనక మూత తెరిస్తే, పాత కారుకుండే రెండు 6 వోల్టుల బ్యాటరీల బదులు ఒకే 12 వోల్టుల బ్యాటరీ కనిపించి గుట్టు బయటపెడుతుంది.

పాఠపరిష్కర్తల మాటల్లో చెప్పాలంటే, మార్పించేవాళ్ళ దృష్టిలో రబ్బరు బంపర్ ఒక ప్రక్షిప్తం. ఎవరో బయటివాళ్ళు చొప్పించిన చరణం, తీసేస్తే మూలం దొరుకుతుందని నమ్మకం. నాకు అలా అనిపించదు. ఆ చరణం రాసింది మూలకర్తలే. అబింగ్డన్ ఇంజనీర్లు చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో, పన్నెండేళ్ళ నాటి ఒంటిని కొత్త చట్టానికి ఒప్పించారు. అందం పోయింది నిజమే, కానీ అమెరికా సంత మిగిలింది. ఆ నల్లటి దిండు ఒక ఊరికి ఇంకో ఆరేళ్ళు పని చూపించింది. 1979 సెప్టెంబర్‌లో అబింగ్డన్‌లో ఎమ్‌జీ 50 ఏళ్ళ పండగ జరిగింది. తోరణాలు వాడకముందే ఫ్యాక్టరీ మూసేస్తున్నామన్న కబురొచ్చింది. 1980 అక్టోబర్‌లో ఆఖరి కారు బయటికొచ్చింది. మరో రెండేళ్ళకి, 1983 మోడళ్ళ కోసం, అమెరికా ఆ 5 మైళ్ళని రెండున్నరకి తగ్గించేసింది.

ఎవరి కారు వాళ్ళిష్టం, కోసుకోవద్దని నేనెవర్ని? క్రోమ్ కారు అందంగా ఉంటుంది, బాగా నడుస్తుంది కూడా. కాకపోతే దాన్ని 'ఒరిజినల్' అనడం మాత్రం ఒప్పుకోలేను. అలాంటి కారు ఏ ఏడాదీ అబింగ్డన్ గేటు దాటలేదు. అందుకే కొన్నయినా ఆ దిండుతోనే, ఆ ఎత్తులోనే మిగలాలి. ఆ ఊరివాళ్ళు చివరి ఆరేళ్ళూ ఎలా నెట్టుకొచ్చారో ఆ అంగుళంన్నరలోనే ఉంది.