ఉక్కు నగరంలో ఉత్కంఠ నవల

భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ఫలితంగా దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నాడు మధ్యప్రదేశ్‌లోనూ, 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్‌లోనూ భాగమైన ఈ పట్టణానికి దేశం నలుమూలల నుండి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. విజయనగరం నుండి రాయపూర్‌కు పోయే రైలుమార్గం కళింగాంధ్ర పల్లెలకూ ఈ కొలిములకూ నడుమ దారి వేసింది. సెక్టార్ 5లోని బాలాజీ ఆలయ నిర్వహణతో ముడివడిన తెలుగువారి సంస్థ పేరు ఆంధ్ర సాహిత్య సమితి. దేవుని సన్నిధిలో సాహిత్యానికి చోటిచ్చిన ఈ పేరు ఆలోచింపదగినది.

అయితే వలస వచ్చిన కార్మికుని ఇంట తెలుగు అక్షరాన్ని నిలిపినది ఏ సాహిత్యం? ప్రబంధాలు అని చెప్పుకోవాలని మనకు ఉండవచ్చు గాని, అంతకంటె ఎక్కువ పని చేసినది వారపత్రికలోని ధారావాహిక నవల అని నా అభిప్రాయం. మూడు షిఫ్టుల జీవితంలో, రాత్రి పని ముగించి ఉదయం ఇల్లు చేరిన మనిషికి నిద్రకు ముందు దొరికే అరగంటలో ఇమిడే రచన అది.

ఈ తరహా రచనకు రైలుతో పాత చుట్టరికం ఉంది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు నవలలు రైల్వే స్టేషన్లలో విరివిగా అమ్ముడుపోయి ‘రైల్వే సాహిత్యం’ అనే చులకన పేరు మోశాయి. తరువాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును ఇంటింటి పాత్రలుగా చేశారు. నేరమూ పరిశోధనా వీటికి ప్రాణం. ప్రేమ వచ్చినా అది పక్కవాద్యమే. 1960వ దశకంలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’తో ఈ క్రమం తలక్రిందులైంది. అందులో ప్రధానంగా హత్య లేదు, పోలీసు లేడు. రాజశేఖరం మనసులో ఏముందో జయంతికి తెలియకపోవడమే రహస్యం. పాఠకురాలు ఆ రహస్యాన్ని జయంతి కంటె ముందే పసిగట్టి, ఆమె ఎప్పుడు తెలుసుకుంటుందా అని వారాలూ నెలలూ ఎదురుచూసింది. మేడలూ కార్లూ తప్ప జీవితం లేదని విమర్శకులు ఈ నవలలను తప్పుపట్టారు. ఆ మాటలో నిజం ఉన్నది కాని, ఉద్యోగం చేసి ఆత్మగౌరవంతో నిలిచే యువతి కథగా దీనిని చదివినవారికి కనిపించినది వారు చూడలేదు.

ప్రేమనూ ఉత్కంఠనూ విడదీయరాని విధంగా పెనవేసిన నవల అంటే 1980వ దశకపు ‘వెన్నెల్లో ఆడపిల్ల’నే ముందు చెప్పాలి. యండమూరి వీరేంద్రనాథ్ వ్రాసిన ఈ నవలలో చదరంగపు ఆటగాడు రేవంత్‌కు ఒక అజ్ఞాత యువతి టెలిఫోన్ చేస్తుంది, తానెవరో కనుక్కోమంటుంది. కథ అంతా ఆ గొంతు వెంట నడుస్తుంది. 1995లో ఇది ‘బెళదింగళ బాలె’గా కన్నడ చలనచిత్రమైంది. నేడు టెలిఫోన్ మ్రోగగానే పిలిచినవారి నంబరు తెరపై కనిపిస్తుంది కనుక, ఈ కథ మొదటి పుటలోనే ముగిసిపోవలసినది! అయినా తెలిసిన ముగింపు కోసం దీనిని మళ్ళీ చదివేవారు ఉన్నారు. ఎవరన్న ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాత కూడ, ముఖం తెలియని మనిషి కోసం పడే తపన తరగదు. పరిశోధక నవలను ఒకసారి చదివి పక్కన పెట్టేవారు కూడ ఇటువంటి నవలను దాచుకోవడానికి కారణం ఇదే కావచ్చు.

భిలాయి నెలకొన్న హిందీ సీమలో ఇందుకు పూర్వోదాహరణ ఉంది. 1888లో వెలువడిన దేవకీనందన్ ఖత్రీ ‘చంద్రకాంత’ ప్రేమకథే, మాయల చిక్కుముడి కూడ. దానిని చదవడానికే ఎందరో హిందీ నేర్చుకున్నారని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. అభిరుచి తక్కువదని పండితులు పెదవి విరిచిన పుస్తకం ఒక భాషకు పాఠకులను సంపాదించింది. బడిలో హిందీ, ఆంగ్లం చదివే ప్రవాసాంధ్ర బాలబాలికలకు తెలుగు లిపిపై మక్కువ కలిగించడానికి కూడ ‘సశేషం’ అన్న మాటకున్న ఆకర్షణ వాచకానికి ఉండదు.

ఆ మాటే క్రమంగా పత్రికలను వీడి బుల్లితెరకు చేరింది. 1991లో ఆంధ్రపత్రిక మూతపడింది. 1995 ఆగస్టులో ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. ఉత్కంఠను వారంపాటు భరించిన పాఠకలోకం దానిని ప్రతిరోజూ కోరసాగింది. యండమూరి సైతం ‘విజయానికి ఐదు మెట్లు’ వంటి వ్యక్తిత్వ వికాస గ్రంథాలవైపు మళ్ళారు. పాఠకుడు పుస్తకం నుండి కోరే వస్తువు మారింది: అప్పుడు మరో లోకం, ఇప్పుడు ఈ లోకంలో నెగ్గే ఉపాయం.

నవల మాత్రం పూర్తిగా పోలేదు. నేడు తెలుగు నవలలు శ్రవణ రూపంలో చేతిలోని ఫోనులోనే లభిస్తున్నాయి. తెలుగు మాట్లాడగలిగీ చదవలేని ప్రవాస తరానికి ఇది పెద్ద ఊరట. కథ దక్కుతుంది, లిపి మాత్రం దక్కదు. ఆ నష్టాన్ని తక్కువగా చూడరాదు. అయితే ఒక సంగతి ఉన్నది. అచ్చు పుస్తకం చేతికి రాగానే చివరి పుట తిప్పి చూసే అలవాటు మనలో చాలామందికి ఉండేది. వినేవారికి ఆ దొంగచూపు అంత సులభం కాదు, కథ నడిచిన చోటల్లా వెంట నడవవలసిందే.