అంగడి మూసిన తరువాత



1938వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన కడప జిల్లాలో కల్లు, సారా అంగళ్లు మూతపడినవి. సరిగా అంతకు ఏడాది ముందు రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో ఆరంభించిన మద్యనిషేధము ఆనాడు చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించినది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలు మూడును దాని క్రిందికి వచ్చినవి. తగ్గిన ఆబ్కారీ రాబడికి మారుగా 1939లో అమ్మకపు పన్ను పుట్టినది. యుద్ధకాలమున నిలిచిపోయిన ఆ నిషేధము 1946లో మరల మొదలై, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట అమలయ్యెను.

చట్టము అంగడికి తాళము వేయగలదు గాని, మరిగిన నాలుకకు వేయజాలదు. ప్రొద్దుగూకగానే చేతులు వణకువానికి, తనవలెనే త్రాగి మానినవాని తోడు కావలెను. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున ఒక షేర్ల వ్యాపారియు, ఒక శస్త్రవైద్యుడును ఇట్లే ఒకరికొకరు తోడైరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమునకు అదియే మూలము. అందు చందా లేదు, ఇంటిపేరు అడుగరు, మానవలెనను కోరిక యున్న చాలును.

చిన్న ఊళ్లలో ఎరిగినవారి కంట బడుదుమను సిగ్గే పెద్ద అడ్డు. అట్టివారు పొరుగూరి కూటమునకు పోయినను తప్పు లేదు. చిరకాలము త్రాగినవారు హఠాత్తుగా మానినచో మూర్ఛలు రావచ్చును గనుక ముందు వైద్యుని చూడవలెను. దారి తెలియనివారికి 14446 అను ఉచిత టెలిఫోను గలదు.

నాడు సర్కారు అంగడి తలుపు మూసినది. నేడు మన యింటి తలుపు తెరచి, "రా నాయనా, కూర్చో" యనవలసినది మనమే.