వైద్య ప్రయోగశాల టెక్నాలజిస్టు: కావలసిన చదువు, నేర్పు

జ్వరంతో ఆస్పత్రికి వెళ్ళినవారికి వైద్యుడు మొదట రాసిచ్చే చీటీ చాలాసార్లు రక్తపరీక్షకు సంబంధించినదే అయి ఉంటుంది. ఆ పరీక్ష చేసేవారిని డిప్లొమా చదివితే ల్యాబ్ టెక్నీషియన్ అనీ, పట్టభద్రులైతే టెక్నాలజిస్టు అనీ వ్యవహరిస్తారు. నేడు పెద్ద ప్రయోగశాలలలో లెక్కింపు అంతా యంత్రాలే చేస్తున్నందున ఇది మీట నొక్కే ఉద్యోగమన్న అభిప్రాయం పల్లెలలో ఉంది. అది సరికాదు. యంత్రం ఏదో ఒక అంకెను ఇస్తుంది. ఆ అంకె ఆ రోగిదేనా, నమ్మదగినదేనా అని తేల్చవలసినది మనిషే.

ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థికి ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు పునాది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంటర్ తరువాత రెండేళ్ళ డి.ఎం.ఎల్.టి. ఉంది. ఇంటర్ స్థాయిలోనే వృత్తివిద్యగానూ ఈ కోర్సు ఉంది. పట్టా కోర్సు శిక్షణా కాలంతో కలిపి మూడున్నర నుంచి నాలుగేళ్ళు పడుతుంది. శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం, సూక్ష్మజీవశాస్త్రం, రక్తశాస్త్రం, రక్తనిధి నిర్వహణ ఇందులోని ముఖ్య పాఠ్యాంశాలు. జీవశాస్త్రం ఇష్టమై రసాయనశాస్త్రమంటే భయపడే పిల్లలు ఇక్కడ ఇబ్బంది పడతారు. జీవరసాయన పరీక్షలు చాలావరకు చివరకు ఒక రంగు ఎంత గాఢంగా ఏర్పడిందన్న కొలతకో, ఒక చర్య ఎంత వేగంగా జరిగిందన్న లెక్కకో వస్తాయి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించిన ఫాస్ఫరస్ అంచనా పద్ధతి ఇటువంటిదే. ఆ పేరుతోనే నేటికీ పాఠ్యపుస్తకాలలో ఉంది.

పరీక్షలో దొర్లే పొరపాట్లలో ఎక్కువ భాగం నమూనా యంత్రానికి చేరకముందే జరుగుతాయి. అందువల్ల రక్తం తీయడం చిన్న పనిగా భావించరాదు. చేతికి కట్టిన రబ్బరు పట్టీని ఒక నిమిషానికి మించి ఉంచితే రక్తం చిక్కబడి కొన్ని విలువలు మారతాయి. సన్నని సూదితో బలంగా లాగితే ఎర్రకణాలు పగిలి, వాటిలోని పొటాషియం బయటకు వచ్చి, లేని గుండె ప్రమాదాన్ని ఉన్నట్లు చూపుతుంది. గొట్టాల మూతల రంగులకూ అర్థముంది. ఊదారంగు మూత గొట్టంలో ఇ.డి.టి.ఎ. ఉంటుంది, అది రక్తకణాల లెక్కకు. లేత నీలం మూత గొట్టంలో సోడియం సిట్రేట్ ఉంటుంది, అది గడ్డకట్టే సమయం చూసేందుకు. అందులో తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు ద్రావణం కచ్చితంగా ఉండాలి. బూడిదరంగు మూత గొట్టం చక్కెర పరీక్షకు. ఊదారంగు గొట్టంలోని రక్తాన్ని వేరొక గొట్టంలో పోస్తే పొటాషియం పెరిగినట్లు, కాల్షియం పడిపోయినట్లు తప్పుడు ఫలితం వస్తుంది. గొట్టాలు నింపే వరుసను విద్యార్థులు కంఠస్థం చేయవలసి రావడానికి కారణమిదే.

సరిహద్దు గ్రామాలకు చక్కెర పరీక్ష సంగతి ప్రత్యేకంగా పట్టింపు కలిగించేది. గొట్టంలో ఉన్న రక్తకణాలు కూడా చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. కణాలను వేరు చేయకుండా మామూలు గొట్టంలో ఉంచిన నమూనాలో గది ఉష్ణోగ్రత వద్ద గంటకు సుమారు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గుతుంది. ఊరిలో ఉదయం తీసిన రక్తం మోటారు సైకిలుపై తాలూకా కేంద్రానికి మధ్యాహ్నం చేరితే మధుమేహం ఉన్న మనిషి లేనట్లుగా కనిపించవచ్చు. అటువంటి నమూనాను తిప్పి పంపి, మళ్ళీ రక్తం ఇమ్మని అడగగలగడం టెక్నాలజిస్టుకు ఉండవలసిన నేర్పులలో మొదటిది. రోగి బంధువులు కోపగించుకున్నా సరే.

సూక్ష్మదర్శిని పనికి ఓపిక కావాలి. రాయగడ, కోరాపుట్, గడ్చిరోలి వంటి అటవీ జిల్లాలలో మలేరియా పూత చదవడం నిత్యకృత్యం. దళసరి పూతలో కనీసం 100 క్షేత్రాలు చూడనిదే పరాన్నజీవి లేదని రాయరాదు. పలుచని పూతలో అది వైవాక్సా, ఫాల్సిపారమా అన్నది గుర్తిస్తారు. నెలవంక ఆకారపు దశ కనిపిస్తే ఫాల్సిపారమే. ఆ రెండింటికీ మందులు వేరు కనుక ఈ తేడా రోగి ప్రాణానికి సంబంధించినది. దోమ శరీరంలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులోనే ఇటువంటి సూక్ష్మదర్శినితో కనుగొన్నాడు.

లెక్కలు రానివారికి ఈ వృత్తి కష్టమే. తెల్లకణాలను చేతితో లెక్కించే పద్ధతిలో రక్తాన్ని 20 రెట్లు పలుచన చేసి, గదుల పలకపై నాలుగు మూల చదరాలలోని కణాలను లెక్కించి 50తో గుణిస్తారు. 140 కణాలు కనిపిస్తే ఘన మిల్లీమీటరుకు 7,000 అన్నమాట. యంత్రం ఉన్నచోట కూడా లెక్క పని ఆగదు. సాధారణంగా హీమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే ఎర్రకణాల ఘనపరిమాణ శాతం దాదాపుగా రావాలి: 12 ఉంటే 36. యంత్రం 12కు 28 చూపితే కారణమేమిటో వెదకవలసిందే. ఇక ప్రతి ఉదయం విలువ ముందుగా తెలిసిన నియంత్రణ ద్రావణాన్ని నడిపి, ఫలితాన్ని లీవీ–జెన్నింగ్స్ పటంపై గుర్తిస్తారు. చుక్కలు రోజురోజుకూ ఒకే వైపు జరుగుతుంటే, హద్దు దాటకపోయినా, యంత్రంలోనో రసాయనంలోనో లోపం మొదలైనట్లే.

రక్తవర్గ నిర్ధారణలో రెండు వైపులా పరీక్షించాలి: ఒకసారి కణాలను, మరొకసారి సీరమ్‌ను. 1952లో బొంబాయిలో గుర్తించిన అరుదైన వర్గంవారు కణాల పరీక్షలో ఓ వర్గంగానే కనిపిస్తారు. వారి సీరమ్ ఓ వర్గపు కణాలను సైతం ముద్దకట్టిస్తుంది. వారికి ఓ వర్గపు రక్తం ఎక్కిస్తే ప్రాణం పోవచ్చు.

సరిహద్దు పిల్లలకు సహజంగా ఉన్న ఒక బలం రెండు భాషలు. తెలుగులో పలికిన పేరు కన్నడంలోనో ఒడియాలోనో రాసి, దానిని మరొకరు ఇంగ్లీషులో ఎక్కించినప్పుడు మనిషే మారిపోయే అవకాశముంది. ఒకే ఊరిలో ఒకే పేరుగలవారు నలుగురుంటారు. అందుచేత పేరుతోపాటు పుట్టిన తేదీ లేదా ఆస్పత్రి సంఖ్య సరిచూసి, రోగి ఎదుటే గొట్టంపై రాయాలి. తెలిసినవారి ఫలితాలు చేతికి వచ్చే చోట నోరు కట్టుకోవడమూ వృత్తిధర్మమే. హెచ్.ఐ.వి. విషయంలో రోగి సమ్మతి, గోప్యత 2017 చట్టం ప్రకారం తప్పనిసరి. తన రక్షణకు చేతితొడుగులు, మూడు మోతాదుల హెపటైటిస్ బి టీకా ఉండాలి. వాడిన సూదికి తిరిగి మూత పెట్టరాదు.

కోర్సు ఎంచుకునే ముందు తల్లిదండ్రులు గుర్తింపు సంగతి విచారించాలి. బస్టాండు పక్కన ఒక గదిలో నడిచే సంస్థ ఇచ్చే ధ్రువపత్రం ప్రభుత్వోద్యోగానికి పనికిరాకపోవచ్చు. డిప్లొమా అయితే ఆ రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు, పట్టా అయితే విశ్వవిద్యాలయ అనుబంధం రాతపూర్వకంగా చూపమనాలి. కర్ణాటకలో రాజీవ్ గాంధీ ఆరోగ్యశాస్త్రాల విశ్వవిద్యాలయం, తమిళనాడులో డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇందుకు ఉన్నవి. పుదుచ్చేరిలోని జిప్‌మర్‌లోనూ పట్టా కోర్సు ఉంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ చట్టం ఈ వృత్తిని తన పరిధిలోకి తెచ్చి, కేంద్ర, రాష్ట్ర రిజిస్టర్లలో నమోదును నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో స్థానికత ఎక్కడ చదివారన్నదానిపై ఆధారపడుతుంది కనుక, అవతలి రాష్ట్రంలో బడి ముగించినవారు ఇవతల స్థానికేతరులుగా లెక్కకు రావచ్చు. పొరుగు రాష్ట్రంలో ఉద్యోగం కోరేవారిని ఆ రాష్ట్ర భాషలో చదవడం, రాయడం వచ్చా అని అడుగుతారు. మాట్లాడటం మాత్రమే వచ్చినవారు కోర్సు చదివే కాలంలోనే ఆ లిపి నేర్చుకుంటే దరఖాస్తు నాటికి చిక్కుండదు.